గాజుపలకకు చిక్కని ఎరుపు

వంటింట్లో ఒక పెద్ద పళ్లెం. పండగపూట టర్కీకోడిని వడ్డించే పళ్లెం అది. దాన్నిండా నీళ్లు. ఆ నీళ్లలో మునిగి ఉన్నది కూరగాయ ముక్కలు కావు, కడగాల్సిన గిన్నెలూ కావు... ఒక గాజుపలక! ఆ పలకమీద, గూటి అంచున వాలి పిల్లలకు మేత పెడుతున్న పిట్ట.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జెనీవా అనే చిన్న ఊరు. (స్విట్జర్లాండ్‌లో ఉన్న జెనీవా కాదు సుమా!) కాలం 1890ల చివర. ఆ ఇంటి ఇల్లాలు జీన్ స్ట్రాటన్-పోర్టర్. తర్వాతి రోజుల్లో నవలా రచయిత్రిగా ఆమె పేరు తెలియని ఇల్లు అమెరికాలో అరుదు. 1924లో కన్నుమూసేనాటికి ఆమె పుస్తకాలు కోటి ప్రతుల దాకా అమ్ముడుపోయాయి. అయితే ఇవాళ మనం చెప్పుకోబోయేది ఆ నవలల వెనక ఉన్న కెమేరా గురించి.

ఇప్పుడైతే పెరట్లో జామచెట్టుమీద పిట్ట వాలగానే చేతిలోని ఫోన్‌తో పాతిక ఫొటోలు తీసేస్తాం. బాగున్నది ఉంచుకుని మిగతావి చెరిపేస్తాం. నా చిన్నప్పుడు మా ఇంట్లో రీలు కెమేరా ఉండేది. 36 ఫొటోల రీలు కడిగిస్తే అందులో సగం తలలు లేని మనుషులే! అయినా ఆ కెమేరా ఎంతో సులువు... జీన్ మోసిన కెమేరాతో పోలిస్తే.

ఆమె 1863 ఆగస్టు 17న, వాబాష్ జిల్లాలోని ఒక పొలంలో పుట్టింది. పన్నెండుమంది సంతానంలో కడగొట్టుది. పెట్టిన పేరు జెనీవా గ్రేస్. తండ్రి మార్క్ స్ట్రాటన్ వ్యవసాయదారుడు, మెథడిస్టు మతబోధకుడు కూడా. తల్లి మేరీ టైఫాయిడ్‌తో మంచాన పడి ఆ తర్వాత కోలుకోనేలేదు. అంత పెద్ద సంసారంలో, మంచం పట్టిన తల్లి ఉన్న ఇంట్లో, చిట్టచివరి పిల్లను పట్టించుకునేదెవరు? పొద్దస్తమానం పొలం గట్లమీదా చెట్లకిందా తిరిగేది. ఒకసారి తండ్రి ఒక డేగను తుపాకీతో కొడితే రెక్క విరిగి పడింది. చిన్నపిల్ల దానికి అడ్డం పడి, ఇంటికి తెచ్చి, గాయానికి మందు రాసి సాకింది. అది మళ్లీ ఎగరలేకపోయింది గానీ బతికింది. ఆ తర్వాతే తండ్రి ఆమెకో విచిత్రమైన కానుక ఇచ్చాడు. తమ పొలంలో ఉన్న పక్షులన్నీ ఇకనించి ఆమెవే!

మాటవరసకిచ్చిన ఆ కానుకను ఆ పిల్ల నిజంగానే తీసుకుంది. రోజూ తన గూళ్లన్నిటినీ చూసి వచ్చేది. గూటి దగ్గరికి ఎంత నెమ్మదిగా వెళ్లాలి, తల్లిపిట్ట ఎప్పుడు బెదురుతుంది, ఎప్పుడు బెదరదు... ఇవన్నీ కెమేరా మొహం చూడకముందే ఆమెకు వచ్చేశాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1872లో ప్రాణానికి ప్రాణమైన అన్న లియాండర్ నదిలో మునిగి చనిపోయాడు. 1874లో కుటుంబం పొలం వదిలి వాబాష్ పట్నానికి మారింది. మరుసటేడే తల్లి పోయింది. జీన్ హైస్కూలు చదువు పూర్తి కాలేదు. 1886లో ఛార్లెస్ పోర్టర్‌తో పెళ్లయింది. ఆయన ఆమెకన్నా పదమూడేళ్లు పెద్ద, మందుల షాపుల యజమాని. 1887లో కూతురు జెన్నెట్ పుట్టింది. పెళ్లయ్యాక పుట్టింటి ఇంటిపేరు వదులుకోకుండా రెండూ కలిపి పెట్టుకుందీవిడ. ఆ రోజుల్లో అదొక వింతే.

జెనీవాలో వాళ్లు కట్టుకున్న పద్నాలుగు గదుల దుంగల ఇల్లు 1895కి పూర్తయింది. ఆ ఇంటికి కూతవేటు దూరంలోనే మొదలవుతుంది లింబర్‌లాస్ట్. పదమూడు వేల ఎకరాల చిత్తడి అడవి! కాలు వేస్తే దిగబడే బురద, విషప్పాములు, దోమలు, ఆకాశం కనిపించనీయని చెట్లు. జీన్ దాంట్లోకి రివాల్వర్ వెంటపెట్టుకుని వెళ్లేది.

ఆ ఏడు క్రిస్మస్‌కు భర్తా కూతురూ కలిసి ఆమెకో కెమేరా కొనిచ్చారు.

అప్పటికి పక్షుల గురించి రాయాలన్న కోరిక ఆమెలో ఉంది. కానీ పత్రికల్లో పక్షుల వ్యాసాలకు వేసే బొమ్మలు చూస్తే ఆమెకు ఒళ్లుమండేది. చంపి, లోపల పీచు కుక్కి, గాజుకళ్లు పెట్టి నిలబెట్టిన పక్షుల బొమ్మలవి. కూర్చునే తీరు తప్పు, మెడ తిప్పిన తీరు తప్పు. తన రాతల పక్కన అవి వేయడానికి ఆమె ఒప్పుకోలేదు. మరి బతికున్న పిట్ట బొమ్మ ఎవరు తీసిస్తారు? తనే తీయాలి!

తీయడం సరే, కడగడం ఎక్కడ? ఇంట్లో వేరే డార్క్ రూం లేదు. స్నానాలగదే డార్క్ రూం అయింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి వెలుతురు రాకుండా చేసుకుని పలకలను డెవలప్ చేసేది. మందు వదిలేలా నీళ్లలో కడగడం వంటింట్లో, నేను మొదట చెప్పిన పళ్లాల్లో. భర్త మందుల షాపులవాడు, రసాయనాల పేర్లు ఆమెకు కొత్త కాదు. నేర్పేందుకు గురువంటూ లేడు. పాడైన పలకలే గురువులు. కొన్నేళ్లకు ఆమె ఫొటో ప్రింట్లు ఎంత బాగా వచ్చేవంటే, ఫొటో కాగితం తయారుచేసే కంపెనీవాళ్లు ఆమె డార్క్ రూం ఎలా ఉంటుందో చూడాలనుకున్నారట. తనకు డార్క్ రూమే లేదనీ, ఉన్నవి స్నానాలగదీ టర్కీ పళ్లాలేననీ చెప్పుకోవాల్సొచ్చిందని జీన్ తర్వాత సరదాగా రాసుకుంది.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పాలి, విసుక్కోకండి. ఆ కాలపు గాజుపలకలకు పూసే మందుకు నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు దాదాపు కనిపించనే కనిపించదు. అందుకే ఎర్రదీపం పెట్టుకుని పలకను డెవలప్ చేసినా అది చెడిపోదు. ఎర్రటి మసకవెలుగులో, ద్రావణంలో పలకను కదుపుతూ, బొమ్మ ఎంతవరకు తేలిందో కంటితో చూసి తీసెయ్యాలి. ఒక్క క్షణం ముందయితే వెలవెలబోతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే నల్లబడిపోతుంది. తీగపాకం దాటి ముదురుపాకం కాకముందే గిన్నె దించే చూపు మనకుంటుంది చూడండి, అచ్చం అదే!

ఇక కెమేరా సంగతి. ఆమె వాడినవాటిలో పెద్దది 8 అంగుళాలు, 10 అంగుళాల గాజుపలకలు పట్టేది. సరంజామాతో కలిపి దాదాపు 18 కిలోల బరువు. వెనకాల గరుకు అద్దం ఉంటుంది. దానిమీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ ముసుగేసుకుని ఆ తలకిందుల బొమ్మను చూసుకుంటూ, లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి సరిచేసుకోవాలి. కుదిరాక ఆ అద్దం ముందు గాజుపలక ఉన్న చట్రాన్ని దూర్చాలి. అంటే ఏమయింది? అసలు ఫొటో తీసే క్షణంలో కెమేరాలోంచి ఏమీ కనిపించదు! పిట్ట ఇంకా రానేలేదు. అది ఎక్కడ వాలుతుందో ముందే ఊహించి, ఖాళీ కొమ్మకు కెమేరాను సరిచేసి కూర్చోవాలి. పిట్ట నాలుగంగుళాలు ఇటు వాలినా పలక దండగే.

మరి ఎలా తెలుస్తుంది? ఇదిగో, తండ్రి ఇచ్చిన కానుక ఇక్కడ పనికొచ్చింది. గూటికి వచ్చే పిట్ట సాధారణంగా తన దారి మార్చుకోదు. ముందు ఫలానా కొమ్మ, తర్వాత ఫలానా రెమ్మ, ఆ తర్వాత గూడు. నాలుగురోజులు కదలకుండా కూర్చుని చూస్తే ఆ దారి మనకు పట్టుబడుతుంది. జీన్ కెమేరాను ఆకులతో కప్పి దూరంగా పెట్టేది. పిట్ట దానికి అలవాటు పడ్డాక కొంచెం దగ్గరికి, మర్నాడు ఇంకొంచెం దగ్గరికి జరిపేది. ఆకుల రంగులో కలిసిపోయే బట్టలు కట్టుకునేది. చేతి నైపుణ్యం గొప్పదా, మనసులోని ఊహ గొప్పదా అని ఫొటోగ్రఫీ గురించి వాదించుకునేవాళ్లుంటారు. జీన్ పద్ధతి చూస్తే నాకా వాదనే అర్థంకాదు. ఖాళీ కొమ్మమీద పిట్టను ఊహించలేనివాళ్లు ఆ కెమేరాను సరిచేయనే లేరు. సరిచేయడం చేతకానివాళ్లకు ఎంత ఊహ ఉండీ లాభంలేదు.

ఒకమాట ఒప్పుకోవాలి. గూళ్ల దగ్గర ఫొటోలు తీయడాన్ని ఇప్పుడు ప్రకృతి ఫొటోగ్రాఫర్లు ప్రోత్సహించరు. చాలా పోటీల్లో అలాంటి ఫొటోలు తీసుకోరు కూడా. మనిషి అలికిడికి తల్లి గూడు వదిలేసే ప్రమాదముంటుంది కదా. జీన్ ఫొటోల్లో చాలాభాగం గూళ్లవే. ఆమె ఓపికే ఆ ప్రమాదాన్ని తగ్గించింది గానీ, పూర్తిగా లేకుండా చేసిందని మాత్రం అనలేం.

ఆమె చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది రాబందు పిల్ల కథ. లింబర్‌లాస్ట్ నడిమధ్యలో, బోలు దుంగలో నల్లరాబందు గుడ్లు పెట్టిందని కబురొచ్చింది. అది అడవిలో ప్రమాదకరమైన చోటు. ఒంటరిగా వెళ్లనివ్వనని ఛార్లెస్ పని మానుకుని మరీ వెంట వెళ్లాడు. ఎండాకాలం. ఉక్క, దోమలు, మోకాలిలోతు బురద, దానికితోడు కుళ్లు కంపు. రాబందు గూటి దగ్గర కంపు కాక సంపెంగల వాసన వస్తుందా! గుడ్డు దశనుంచి పిల్ల ఎదిగేదాకా, దాదాపు మూడునెలలపాటు, కొన్నాళ్లకోసారి ఆ బురదలో పడి వెళ్లి ఒక్కో దశా ఫొటో తీసింది. గుడ్డు, ఒంటినిండా నూగుతో పిల్ల, ముక్కు పొడుగైన పిల్ల, నల్లటి ఈకలు మొలుస్తున్న పిల్ల... దానికి లిటిల్ చికెన్ అని ముద్దుపేరు కూడా పెట్టింది.

చూడగానే మొహం తిప్పుకునే పక్షి అది. ఎవరు కొంటారు ఆ ఫొటోలు? అయినా మూడునెలలు! అందమైన పిట్టను అందంగా చూపించడంలో ఏముంది లెండి. ఆ ఫొటోల్లో రాబందు పిల్ల మనింటి కోడిపిల్లలాగే ఉంటుంది.

ఆ అడవిలోనే ఒకరోజు ఆకాశంలోంచి ఒక పెద్ద నల్లటి ఈక తిరుగుతూ తిరుగుతూ కిందపడిందట. దాంట్లోంచి ఫ్రెకిల్స్ నవల పుట్టింది. 1904లో అచ్చయింది. ఒంటిచేతి అనాథ కుర్రాడు లింబర్‌లాస్ట్ కలపకు కాపలా కాస్తూ అడవి పక్షులను బంధువులు చేసుకునే కథ. అందులో కెమేరా పట్టుకుని తిరిగే బర్డ్ ఊమన్ అనే పాత్ర ఉంది. ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఆమె రాతలు మొదలైన తీరు వింటే మనలాంటి ఆడవాళ్లకు నవ్వూ వస్తుంది, గుండె కలుక్కూ మంటుంది. మొదటి వ్యాసం 1900లో ఒక పత్రికలో వచ్చింది. ఆడవాళ్ల టోపీలకు అలంకారంగా పెట్టే పక్షి ఈకల గురించి. ఆ ఫ్యాషన్ కోసం లక్షలాది పక్షులను చంపుతున్న రోజులవి. 1901లో మొదటి కథ అచ్చయింది. కథలు పంపడానికి ఆమె పోస్టాఫీసులో రహస్యంగా ఒక పెట్టె అద్దెకు తీసుకుంది. తిరిగొస్తే ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఉండాలని! స్టాంపు అంటించిన కవరు జతపెట్టి కథ పంపి, ఆ కవరే తిరిగొస్తే పోపులడబ్బా వెనక దాచిన దాన్ని నేను. నాకు అర్థమైంది.

ఇక ఎరుపు సంగతికి వస్తాను. కార్డినల్ అనే పక్షి ఉంది అక్కడ. మగపిట్ట తల మీది కుచ్చునుంచి తోకదాకా ఎర్రటి ఎరుపు. నుదుటి కుంకుమలా ఉంటుంది. ఒకనాడు దారిలో అలాంటి కార్డినల్ చచ్చిపడి కనిపించింది జీన్‌కు. ఎవరో గురి చూసుకోవడానికి తుపాకీతో కొట్టి పారేశారు. ఆ బాధలోంచి రాసినదే ఆమె మొదటి నవల, ది సాంగ్ ఆఫ్ ది కార్డినల్. 1903లో వచ్చింది. ఒక కార్డినల్ జంట కాపురమే కథ. బొమ్మలన్నీ ఆమె తీసిన కార్డినల్ ఫొటోలే.

కానీ చెప్పాను కదా, ఆ గాజుపలకలకు ఎరుపు కనిపించదు. అంత ఎర్రటి పిట్టా పలకమీద నల్లగా, మసిబొగ్గులా దిగుతుంది. ఈక ఈకా ఉంటుంది, కుచ్చు ఉంటుంది, కూర్చున్న ఠీవి ఉంటుంది. ఎరుపు మాత్రం ఉండదు. ఎర్రదీపం కింద బొమ్మను తేల్చుకోగలిగింది ఏ కారణంవల్లో, ఆ కారణంవల్లే పిట్ట రంగు పోయింది! ఆ రంగును ఆమె మాటల్లో పెట్టిందని నాకనిపిస్తుంది. నవలలో ఆ పిట్ట ఎర్రదనం గురించి అంతలా వర్ణించడం చూసి విమర్శకులు అతి అన్నా అనొచ్చు. ఆమె నవలల్లో అతి ఉంది కూడా, కాదనను. మంచివాళ్లు మరీ మంచివాళ్లు, కన్నీళ్లు కాస్త ఎక్కువ. అయితే పక్కపేజీలో నల్లగా కూర్చున్న పిట్టను చూశాక ఆ వర్ణన నాకు అతిగా తోచదు.

కొన్నేళ్లకు రంగులకోసం ఆమె ఇంకో దారి పట్టింది. లింబర్‌లాస్ట్‌లో రాత్రిళ్లు తిరిగే పెద్దపెద్ద మాత్‌లుంటాయి. సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టాలు. వాటిలో సెక్రోపియా అనేది అరచేయంత ఉంటుంది. మన తెలంగాణ అడవుల్లో దసలిపట్టు ఇచ్చే పురుగుదీ ఆ కుటుంబమే. అవి గూడు చీల్చుకుని బయటికొచ్చాక రెక్కలు విచ్చుకుని గట్టిపడేదాకా కొన్నిగంటలు కదలకుండా వేలాడతాయి. ఫొటోకు దొరికే సమయం అదే. గూళ్లను ఇంట్లోనే పెట్టుకుని, ఏ అర్ధరాత్రి ఏది పగులుతుందో అని పసిపిల్లల తల్లిలా మేలుకునేది. చంపి సూదికి గుచ్చిన మాత్‌కు రంగు వెలిసిపోతుంది కాబట్టి, బతికున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, తను తీసిన ఫొటోలకు తన చేత్తోనే నీటిరంగులు అద్దింది. ఆ పుస్తకం మాత్స్ ఆఫ్ ది లింబర్‌లాస్ట్ 1912లో వచ్చింది. దానికి మూడేళ్లముందు వచ్చిన ఎ గర్ల్ ఆఫ్ ది లింబర్‌లాస్ట్ నవలలో ఎల్నోరా అనే పేదపిల్ల ఈ మాత్‌లనే పట్టి అమ్మి హైస్కూలు ఖర్చులు తీర్చుకుంటుంది. తల్లి ప్రేమకోసం ఆ పిల్ల పడే తపన చదివితే, తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్న జీన్ గుర్తురాకమానదు.

ప్రకృతి పుస్తకాలు నవలలంతగా అమ్ముడుపోయేవి కావు. ప్రచురణకర్తకు కావలసింది నవలలు. అందుకని ఒక నవల, ఒక ప్రకృతి పుస్తకం... అలా వంతులవారీగా వేసేలా ఒప్పందం చేసుకుంది. ఇంటి ఖర్చులో ఇంత చిట్టీకి, ఇంత పసుపుకుంకాలకు అని పక్కన పెట్టుకునే లెక్కలాగా!

ఇంతలో అడవి పోతోంది. ముందు కలప నరికారు. తర్వాత నేలలో చమురు పడింది. పోర్టర్ల పొలంలోనూ పదుల సంఖ్యలో చమురుబావులు తవ్వారు. ఆ డబ్బు ఆ ఇంట్లోకీ వచ్చింది. తను ప్రేమించిన అడవిని మింగుతున్న దాంట్లోంచే తన ఇంటికీ సిరి చేరిందన్న సంగతి జీన్‌కు తెలియకపోదు. ఈ ముడిని ఆమె ఎలా విప్పుకుందో గానీ, నాకైతే మింగుడుపడదు. ఆ తర్వాత ఆవిరి యంత్రాలతో కాలువలు తవ్వి నీళ్లు తోడేశారు. 1913 నాటికి లింబర్‌లాస్ట్ ఎండి, మొక్కజొన్న పొలాలయిపోయింది. పదమూడు వేల ఎకరాల అడవిలోంచి మిగిలినవి ఆమె గాజుపలకలు.

ఆమె సిల్వన్ సరస్సు ఒడ్డున, తన నవలల డబ్బుతో స్థలం కొని, కొత్త ఇల్లు కట్టుకుంది. నీళ్లు తోడేయబోతున్న చోట్లనుంచి అడవిపూల మొక్కలను వేళ్లతో సహా తెచ్చి వేల సంఖ్యలో అక్కడ నాటింది. 1920 ప్రాంతంలో కాలిఫోర్నియాకు మారి, తన నవలలను సినిమాలు తీయడానికి సొంత కంపెనీ పెట్టింది. 1924 డిసెంబరు 6న లాస్ ఏంజెలిస్‌లో ఆమె కారును ట్రాముబండి గుద్దింది. కొద్దిసేపటికే ప్రాణం పోయింది. వయసు 61.

1990లలో జెనీవా చుట్టుపక్కల వాళ్లు కొందరు కలిసి, పాత లింబర్‌లాస్ట్‌లో కొంత భూమిని కొనిపించి, కాలువలు పూడ్చి మళ్లీ నీళ్లు నిలిచేలా చేశారు. లాబ్‌లాలీ మార్ష్ అని పిలుస్తారు దాన్ని. నీళ్లు నిలవగానే పక్షులు వచ్చాయి. 1999లో జీన్ అస్థికలను, కూతురివాటిని కాలిఫోర్నియానుంచి తెచ్చి, సరస్సు ఒడ్డున ఆమె నాటిన పూలమొక్కల మధ్య పెట్టారు. పద్నాలుగు గదుల ఇంటిని ఇండియానా ప్రభుత్వం భద్రంగా కాపాడుతోంది.

అన్నట్టు, ఆమె పోయిన తొమ్మిదేళ్లకు, 1933లో, ఇండియానా తన రాష్ట్రపక్షిని ఎంచుకుంది. కార్డినల్‌ని! ఆమె పుస్తకంలో అది ఇప్పటికీ నల్లగానే కూర్చుని ఉంది.